జెనీ లెగాన్ పనిని ఏ లెక్కలో రాశారు? ఆస్కార్ అకాడమీకి బహిరంగ లేఖ

మోషన్ పిక్చర్ అకాడమీ గవర్నర్ల బోర్డు వారికి,

నమస్కారం. అడగాల్సింది ముందే అడిగేస్తాను, కారణాలు తర్వాత చెప్తాను. సినిమాలో డాన్స్ కూర్చేవాళ్లకి మీరు ఒకప్పుడు ఆస్కార్ ఇచ్చారు. 1935, 1936, 1937 సినిమాలకి, మూడంటే మూడేళ్లు, ‘డాన్స్ డైరెక్షన్’ అనే పేరుతో. ఆ తర్వాత ఎత్తేశారు. దాన్ని మళ్లీ పెట్టండి. పెట్టేటప్పుడు ఆ స్టెప్పు నిజంగా ఎవరి కాళ్లలో పుట్టిందో, ఎవరు నేర్పారో వాళ్ల పేర్లు కూడా రాసే పద్ధతి పెట్టండి. ఇది అడగడానికి తెలుగువాళ్లందరికీ ఉన్న కారణం ఒకటి, నా సొంత కారణం ఒకటి. ఆ రెండోదాని పేరు జెనీ లెగాన్, పాత హాలీవుడ్‌లో ట్యాప్, అంటే అడుగున లోహపు పలకలున్న బూట్లతో నేలని వాయించే డాన్స్, చేసిన మనిషి.

మొదటిది చెప్పక్కర్లేదు, మీరే చూశారు. 2023 మార్చిలో ‘నాటు నాటు’కి ఒరిజినల్ సాంగ్ ఆస్కార్ వచ్చినప్పుడు మా ఇళ్లలో పండగే. కీరవాణి గారు, చంద్రబోస్ గారు వేదికెక్కారు, వాళ్లకి రావాల్సిందే వచ్చింది, అందులో వంక పెట్టేదేమీ లేదు. కానీ ఆ పాట తెలుగు ఒక్క ముక్క రాని వాళ్ల దగ్గరికి ఎలా వెళ్లింది? ఇద్దరు హీరోలు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసి వేసిన ఆ స్టెప్పుతో వెళ్లింది. దాన్ని కూర్చింది ప్రేమ్ రక్షిత్ మాస్టర్. ఇండియాలో ఆయనకి నేషనల్ అవార్డు ఇచ్చారు, ఎందుకంటే అక్కడ కొరియోగ్రఫీకి ఒక విభాగం ఉంది. మీ దగ్గర లేదు. పాటకి ఉంది, ఎడిటింగ్‌కి ఉంది, మేకప్‌కి ఉంది, సౌండ్‌కి ఉంది. ఆ రాత్రి మీ వేదిక మీద ఆ డాన్సే ఆడించారు, హాలంతా లేచి నిలబడింది, కానీ ఆ డాన్స్ కూర్చిన మనిషికి ఇవ్వడానికి మీ దగ్గర ఏమీ లేకపోయింది. ఆడినవాళ్లలో ముందు నిలబడ్డ ఇద్దరూ దక్షిణాసియా వాళ్లు కాదని అప్పట్లో గొడవ కూడా అయింది. ఆ గొడవ నాలుగు రోజుల్లో చల్లారింది, విభాగం సంగతి మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇక జెనీ లెగాన్. మా తెలుగువాళ్లలో ఈ పేరు విన్నవాళ్లు చాలా తక్కువ, అందుకే కొంచెం వివరంగా రాస్తాను, మీరు ఓపిగ్గా చదవండి.

ఆమె 1916లో షికాగోలో పుట్టిన నల్లజాతి అమ్మాయి. సౌత్ సైడ్ వీధుల్లో పిల్లలతో కలిసి ఆడుతూ పాడుతూ డాన్స్ పట్టుకుంది. పదహారేళ్లు వచ్చేసరికి స్టేజీ మీద ఉంది, పేరున్న జాజ్ సంగీతకారుడు కౌంట్ బేసీ బ్యాండ్ వాయిస్తుంటే డాన్స్ చేసింది. తర్వాత విట్‌మన్ సిస్టర్స్ ట్రూపులో చేరింది. ఈ ట్రూపు గురించి ఒక మాట చెప్పాలి: నలుగురు నల్లజాతి అక్కాచెల్లెళ్లు, మేబెల్, ఎస్సీ, ఆల్బెర్టా, ఆలిస్, ఆ రోజుల్లో సొంతంగా కంపెనీ పెట్టి, సొంతంగా బుకింగులు చూసుకుని, ఊరూరా తిరిగి ప్రదర్శనలిచ్చారు. ఆల్బెర్టా మగ వేషం కట్టేది. ఆలిస్ ట్యాప్‌లో దిట్ట. ఎంతోమంది పిల్లలు వాళ్ల దగ్గరే పని నేర్చుకుని పెద్దవాళ్లయ్యారు. మన సురభి కుటుంబాల గురించి తెలిసినవాళ్లకి ఆ బతుకు ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. జెనీకి అదే బడి.

ఆమె డాన్స్‌లో ప్రత్యేకత ఏంటంటే, అప్పటి ఆడవాళ్లు చాలామంది హై హీల్స్ వేసుకుని, గౌను కట్టుకుని ట్యాప్ చేసేవాళ్లు. ఈమె ప్యాంటు తొడుక్కుని, మడమ ఎత్తు లేని బూట్లు వేసుకుని, మగ డాన్సర్లు చేసే పనులన్నీ చేసేది. గాల్లో పల్టీలు, మోకాళ్ల మీద పడి లేవడం, కాలి వేళ్ల కొనల మీద నిలబడిపోవడం, కాళ్లు రబ్బరులా వంచడం. మీలో ట్యాప్ చేసినవాళ్లుంటే ఇది ఎంత కష్టమో నాకంటే బాగా తెలుస్తుంది. నేను చిన్నప్పుడు విజయవాడలో కూచిపూడి నేర్చుకున్నాను, ఇప్పుడు షికాగో దగ్గర ఉంటూ పెద్ద వయసులో ట్యాప్ క్లాసుకి వెళ్తున్నాను. అక్కడ మొదట నేర్పేది షఫుల్. పాదం ముందు భాగాన్ని నేలకి రాస్తూ ముందుకి ఒకసారి, వెనక్కి ఒకసారి ఊపాలి, రెండు చప్పుళ్లు రావాలి. చూస్తే ఏముంది అనిపిస్తుంది. చీలమండ బిగపడితే రెండు చప్పుళ్లూ కలిసిపోయి ఒక ఈడ్పులా వినిపిస్తుంది. దాన్ని వదులుగా వదిలేసి, బరువంతా రెండో కాలి మీద ఆపితే అప్పుడు విడివిడిగా, సన్నగా, తేలిగ్గా పలుకుతుంది. కూచిపూడిలో పాదం మొత్తం నేలని కొట్టడానికి అలవాటుపడ్డ నా కాళ్లకి ఈ వదలడం రావడానికి చాలా కాలం పట్టింది, ఇప్పటికీ వేగం పెరిగితే కాళ్లు బిగుసుకుపోతాయి. మా టీచరు అద్దం వైపు చూడనివ్వరు, కళ్లు మూసుకుని వినమంటారు. ట్యాప్ డాన్సర్ అంటే కాళ్లతో వాయించే మనిషి. ఆ వాయింపు సన్నగా, స్పష్టంగా ఉంచుతూనే పల్టీ కొట్టి దిగి మళ్లీ తాళంలో పడాలంటే ఒంట్లో ఎంత అదుపు ఉండాలో ఆలోచించండి.

1935లో ఆర్‌కేఓ స్టూడియో ‘హూరే ఫర్ లవ్’లో ఆమెకి ఒక పాట ఇచ్చింది. అద్దె కట్టలేదని సామాన్లన్నీ వీధిలో పడేస్తే దిగులుగా ఉన్న అమ్మాయిగా జెనీ, ఆమెని ఊరడించే హార్లెమ్ (న్యూయార్క్‌లో నల్లవాళ్ల పేట) పెద్దమనిషిగా బిల్ రాబిన్సన్, పక్కన పియానో వాయిస్తూ జాజ్ సంగీతకారుడు ఫ్యాట్స్ వాలర్. రాబిన్సన్ అప్పటికే ట్యాప్‌లో మహారాజు, ఇవాళ ఆయన పుట్టినరోజు మే 25నే అమెరికాలో ట్యాప్ డాన్స్ దినంగా జరుపుకుంటారు. ఆయన పక్కన ఇరవై ఏళ్లు కూడా నిండని పిల్ల ఎక్కడా తగ్గకుండా ఆడింది. ఆ క్లిప్పు వెతికి చూడండి, ఆయన్ని కాకుండా ఆమె పాదాలనే చూడండి.

అది చూసి ఎంజీఎం ఆమెతో దీర్ఘకాలపు కాంట్రాక్ట్ రాసుకుంది. వారానికి 1,250 డాలర్లు. పెద్ద హాలీవుడ్ స్టూడియో ఒక నల్లజాతి స్త్రీతో అలాంటి కాంట్రాక్ట్ రాసుకోవడం అదే మొదలని చరిత్ర రాసినవాళ్లు చెప్తారు. ‘బ్రాడ్‌వే మెలొడీ ఆఫ్ 1936’లో పెట్టాలనుకున్నారు. అదే సినిమాలో ఎలినోర్ పవెల్ అనే తెల్లజాతి ట్యాప్ డాన్సర్ కూడా ఉంది. సినిమా వాళ్లు పాల్గొన్న ఒక విందులో ఇద్దరూ డాన్స్ చేశారనీ, జెనీకి చప్పట్లు ఎక్కువ పడ్డాయనీ, ఆ తర్వాత సోలో ట్యాప్ చేసే ఆడవాళ్లు ఇద్దరు అక్కర్లేదని తనని తప్పించారనీ జెనీ తర్వాతి కాలంలో చెప్పుకుంది. కాంట్రాక్ట్ రద్దయింది. ఆమె లండన్ వెళ్లింది, నిర్మాత సి.బి. కోక్రన్ వేయించిన ‘ఫాలో ద సన్’ అనే పాటలు, డాన్సుల స్టేజీ షోలో ఆడితే అక్కడి పత్రికలు ఆకాశానికెత్తాయి.

ఎలినోర్ పవెల్ మీద నాకేం కోపం లేదు. ఆమె గొప్ప డాన్సర్, తన ట్యాప్ సోలోలు తనే కూర్చుకునేదని పేరు. కానీ ఇక్కడ ఒక విషయం మీరు గమనించాలి. మీరు మొట్టమొదటి డాన్స్ డైరెక్షన్ ఆస్కార్ ఇచ్చింది ఏ సినిమాకో గుర్తుందా? డేవ్ గౌల్డ్‌కి, రెండు పాటలకి కలిపి ఇచ్చారు, అందులో ఒకటి ‘బ్రాడ్‌వే మెలొడీ ఆఫ్ 1936’లోదే. జెనీ లెగాన్‌ని తీసేసిన అదే సినిమా. పవెల్ సోలోకి కూడా కాదు, వేరే పాటకి. తర్వాతి ఏడాది సీమోర్ ఫీలిక్స్‌కి, ఆపై ఏడాది హెర్మీస్ పాన్‌కి. మూడేళ్ల నామినేషన్లన్నీ చదివాను, ఒక్క ఆడమనిషి పేరు లేదు.

అందుకే నేను ఊరికే పాత అవార్డు మళ్లీ పెట్టండి అనడం లేదు. ఆ అవార్డు అప్పుడు కొనసాగి ఉంటే జెనీకి న్యాయం జరిగేదని నేను అనుకోను, జరిగేది కాదు, ఆమెని ఆపింది అవార్డు లేకపోవడం కాదు, ఒంటి రంగు. కానీ ఎవరి పని ఎవరి పేరు మీద నమోదైంది అనే లెక్క ఒకటి ఉంటుంది కదా, ఆ లెక్కలో ఆమె లాంటివాళ్ల వరస ఖాళీగా ఉండిపోయింది. అది నింపే పని ఇప్పుడు మీ చేతుల్లో ఉంది.

ఆ తర్వాత ఆమె బతుకు ఎలా నడిచిందో చూడండి. 1937లో ‘అలీ బాబా గోస్ టు టౌన్’లో డాన్స్ చేసింది. బ్రాడ్‌వేలో ఫ్యాట్స్ వాలర్ సంగీతం చేసిన ‘ఎర్లీ టు బెడ్’లో ఆడింది. ‘హై-డి-హో’ సినిమాలో జాజ్ గాయకుడు క్యాబ్ కాలొవే పక్కన నటించింది. నల్లవాళ్ల కోసం నల్లవాళ్లతో తీసిన చిన్న బడ్జెట్ సినిమాల్లో వేషాలు దొరికాయి. పెద్ద స్టూడియోల్లో మాత్రం ఎక్కువగా దొరికినవి పనిమనిషి వేషాలే. 1942లో ఎంజీఎం తీసిన ‘పనామా హ్యాటీ’లో నల్లజాతి గాయని లీనా హార్న్ ‘ద స్పింగ్’ అనే పాట పాడుతుంది, ఆ పాటని జెనీ, ఆమె భర్త ఫిల్ మూర్ కలిసి రాశారు. అంటే తనని వద్దనుకున్న స్టూడియో తన పాటని వాడుకుంది, తన కాళ్లని మాత్రం వాడుకోలేదు. (లీనా హార్న్ పాటల్ని కూడా అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో కత్తిరించేయడానికి వీలుగా కథతో సంబంధం లేకుండా తీసేవాళ్లు, అది ఇంకో పెద్ద కథ.)

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది 1948 నాటి ‘ఈస్టర్ పరేడ్’. మళ్లీ ఎంజీఎమ్మే. అందులో ఆన్ మిల్లర్ ట్యాప్ డాన్సర్. జెనీ లెగాన్ ఆమెకి పనిమనిషి. ఒక సినిమాలో ఇద్దరు గొప్ప ట్యాప్ డాన్సర్లు ఉన్నారు, ఒకరు ఆడతారు, ఇంకొకరు ఆమెకి పనులు చేసిపెడతారు. ఆ సినిమా హీరో ఫ్రెడ్ అస్టేర్‌తో 1935లో ఆర్‌కేఓలో రిహార్సల్స్ టైమ్‌లో స్టెప్పులు ఇచ్చిపుచ్చుకున్న రోజులు జెనీకి బాగా గుర్తున్నాయి. ఈ సెట్‌లో ఆయన తనని గుర్తుపట్టినట్టు కూడా ఉండలేదని ఆమె ముసలితనంలో చెప్పింది. ఆయన మనసులో ఏముందో మనకి తెలియదు, కానీ పదమూడేళ్ల కిందట సాటి డాన్సర్‌గా నిలబడ్డ చోట ఇప్పుడు పనిమనిషి బట్టల్లో నిలబడటం ఆమెకి ఎలా ఉండి ఉంటుందో మాత్రం తెలుస్తుంది.

ఆమె అక్కడితో ఆగిపోలేదు. పేరున్న నల్లజాతి కొరియోగ్రాఫర్ క్యాథరిన్ డనమ్ దగ్గర చదువుకుంది. లాస్ ఏంజెలెస్‌లో సొంత డాన్స్ స్కూల్ పెట్టింది. 1969లో కెనడాలోని వాంకూవర్ వెళ్లి అక్కడే స్థిరపడి పిల్లలకీ పెద్దలకీ ట్యాప్ నేర్పుతూ ఉండిపోయింది. కెనడా నేషనల్ ఫిల్మ్ బోర్డ్ 1999లో ఆమె మీద ఒక డాక్యుమెంటరీ తీసింది. ఓక్లహోమా సిటీ యూనివర్సిటీ గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 2012 డిసెంబరులో, 96 ఏళ్ల వయసులో, వాంకూవర్‌లోనే పోయింది. ఆమెని వెతుక్కుంటూ వచ్చినవాళ్లలో డాన్సర్లు ఉన్నారు, చరిత్రకారులు ఉన్నారు, డాక్యుమెంటరీ తీసేవాళ్లు ఉన్నారు. మీరు లేరు.

టీచరుగా ఆమె గడిపిన కాలం, సినిమాల్లో గడిపిన కాలం కంటే చాలా ఎక్కువ. నా మనసు అక్కడే ఆగుతుంది. ట్యాప్‌లో మన జతుల్లాగే చాలా భాగం పుస్తకాల్లో ఉండదు, ఒకరి కాళ్ల నుంచి ఇంకొకరి కాళ్లకి పోతుంది. మా మాస్టారు తట్టుకర్రతో దరువు వేస్తూ నోటితో ‘తకిట తకధిమి’ అంటుంటే మేం కాళ్లతో పలికించేవాళ్లం. ఇక్కడి టీచరు కూడా స్టెప్పుని ముందు నోటితో పాడి వినిపిస్తారు. అలాంటి విద్యలో టీచర్ పోతే ఆ టీచర్ కాళ్లలో ఉన్నదంతా పోతుంది, శిష్యులు ఎవరైనా పట్టుకుంటే తప్ప. సినిమా ఒక్కటే దాన్ని కొంచెమైనా దాచిపెట్టగలిగింది. ఆ దాచిపెట్టిన సంస్థలకి పెద్ద మీరు. మీ దగ్గర సినిమాల భాండాగారం ఉంది, లైబ్రరీ ఉంది, 2021లో తెరిచిన మ్యూజియం ఉంది. ఫలానా పాటలో ఫలానా స్టెప్పు ఎవరిది అని అడిగితే చెప్పగలిగే చోటు ప్రపంచంలో ఏదైనా ఉందంటే అది మీదే కావాలి.

ఆ పేర్లు ఎలా మాయమవుతాయో ఒక ఉదాహరణ చెప్తాను. పాత సినిమాల్లో మనం వినే ట్యాప్ చప్పుళ్లు చాలాసార్లు షూటింగులో రికార్డు చేసినవి కావు. డాన్స్ షూటింగ్ అయిపోయాక, సౌండ్ స్టూడియోలో బొమ్మ చూస్తూ, చెక్క మీద నిలబడి ఎవరో ఆ స్టెప్పులన్నీ మళ్లీ వేస్తారు, అది రికార్డు చేసి అతికిస్తారు. హీరోయిన్ జింజర్ రోజర్స్ కాళ్ల చప్పుడు కొన్ని పాటల్లో కొరియోగ్రాఫర్ హెర్మీస్ పాన్ వేసిందే అని చెప్తారు. మేరీ బ్రయంట్ అనే నల్లజాతి డాన్సర్ హాలీవుడ్‌లో పెద్ద పెద్ద స్టార్లకి డాన్స్ నేర్పింది, కొరియోగ్రాఫర్లకి అసిస్టెంట్‌గా పనిచేసింది, టైటిల్స్‌లో ఆమె పేరు వెతుక్కోవాలి. మా సినిమాల్లోనూ అంతే, డాన్స్ మాస్టర్ పేరు ఒక్కటి తెర మీద పడుతుంది, హీరోయిన్‌కి పొద్దున్నించి సాయంత్రం దాకా స్టెప్పు నేర్పిన అసిస్టెంట్ అమ్మాయి ఎవరో ఎవరికీ తెలియదు. మీరు నిబంధన పెడితే మావాళ్లూ దారిలోకి వస్తారని నా ఆశ, ఎందుకంటే ఇప్పుడు మా నిర్మాతలు మీ ఫారాలు నింపుతున్నారు.

కొత్త విభాగాలు పెట్టలేం, షో ఇప్పటికే పెద్దదైపోయింది అని మీరు అనలేరు. నటీనటుల్ని ఎంపిక చేసే కాస్టింగ్ డైరెక్టర్లకి 2025 సినిమాల నుంచి అవార్డు పెట్టారు. స్టంట్ డిజైన్‌కి 2027 సినిమాల నుంచి ఇస్తామని, 2028లో జరిగే నూరో ఆస్కార్‌లో మొదలుపెడతామని ప్రకటించారు. రెండూ మంచి పనులు, ఎప్పుడో జరగాల్సినవి. ఒంటి మీద దెబ్బలు తగిలించుకునేవాళ్ల పని కళే అని ఒప్పుకున్న మీరు, డాన్స్‌ని కళ కాదని ఎలా అంటారు? డాన్స్ ఉన్న సినిమాలు తక్కువ అంటారేమో. ఇంగ్లిష్ సినిమాలు మాత్రమే చూస్తే తక్కువే. మీరు ఇప్పుడు ప్రపంచమంతటి నుంచి సభ్యుల్ని చేర్చుకుంటున్నారు, మావాళ్లు కూడా ఓట్లు వేస్తున్నారు. తెలుగు, హిందీ, తమిళ సినిమాలు లెక్కలోకి తీసుకుంటే ఏ ఏడాదీ నామినేషన్లకి కొరత ఉండదు. అదీకాక, ‘ఆలివర్!’ సినిమాకి ఓనా వైట్ అనే మహిళకి కొరియోగ్రఫీ కోసం ప్రత్యేక ఆస్కార్ మీరే ఇచ్చారు. కొరియోగ్రాఫర్లు జెరోమ్ రాబిన్స్‌కి, మైకెల్ కిడ్‌కి గౌరవ ఆస్కార్లు ఇచ్చారు. అంటే ఈ పని విలువ మీకు తెలుసు. తోచినప్పుడు పిలిచి శాలువా కప్పడం వేరు, ఏటా పోటీకి చోటివ్వడం వేరు.

నూరో ఆస్కార్‌కి ఇంకా టైమ్ ఉంది. స్టంట్ విభాగంతో పాటు కొరియోగ్రఫీ విభాగాన్ని కూడా ఆ ఏడాదే మొదలుపెట్టండి. ఎంట్రీ ఫారంలో కొరియోగ్రాఫర్ పేరు కింద అసిస్టెంట్ కొరియోగ్రాఫర్, నటులకి నేర్పినవాళ్లు, ట్యాప్ లాంటి డాన్స్ అయితే చప్పుడు రికార్డు చేసిన డాన్సర్, ఈ పేర్లన్నీ తప్పనిసరి చేయండి. ఫారంలో గడి ఉంటే నిర్మాత నింపుతాడు. పాత సినిమాల సంగతికి వస్తే, మీ లైబ్రరీలో ఉన్న స్టూడియో కాగితాలు, కాంట్రాక్టులు, రిహార్సల్ ఫొటోలు ముందేసుకుని, బతికున్న శిష్యుల్ని పిలిచి, ఎవరు ఏ డాన్స్‌లో పనిచేశారో రాయించండి. జెనీ లెగాన్ దగ్గర నేర్చుకున్నవాళ్లు ఇంకా ట్యాప్ చేస్తూనే ఉండి ఉంటారు, ఆమె దగ్గర చిన్నప్పుడు చేరినవాళ్లకి ఇప్పుడు మనవలు ఉండే వయసు, వాళ్లని అడగడానికి ఎక్కువ కాలం లేదు. వాంకూవర్‌తో మొదలుపెట్టండి.

ఇది చదివిన తెలుగువాళ్లలో డాన్స్ మాస్టర్లు, అసిస్టెంట్లు, గ్రూప్ డాన్సర్లు ఉంటే, అకాడమీ సభ్యులైన మనవాళ్లు ఎవరైనా తెలిసి ఉంటే, ఈ ఉత్తరం వాళ్లకి చేర్చండి.

ఇట్లు,
కూచిపూడి నేర్చుకుని ఇప్పుడు ట్యాప్ నేర్చుకుంటున్న ఒక తెలుగు గృహిణి,
షికాగో దగ్గర్నుంచి